2024–25 వార్షిక నివేదిక: శాలువాలు మానేసి ఒక ఫెలోషిప్ ఇచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి నివేదికలో పేజీ పేజీకీ ఫొటోలున్నాయి, ఈసారి రెండే వేశాం. కార్యదర్శి బద్ధకం అనుకోకండి. ఈ ఏడాది మన పైసల్లో ఎక్కువ భాగం ఫొటోకు అందని పనికి పోయింది. పీహెచ్‌డీ పూర్తి చేసిన ఒక పరిశోధకురాలు ఉన్నత అధ్యయన సంస్థలో కూర్చుని ఏడాదిపాటు చదువుకోవడానికీ రాసుకోవడానికీ మన చందాలతో వీలు కలిగింది.

మిగతా కార్యక్రమాల గురించి రెండు ముక్కలు. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి జరిపాం. బతుకమ్మకు పూలు, ప్రసాదం మాత్రమే సంఘం ఖర్చు, మైకుసెట్టు ఒక సభ్యుడు ఉచితంగా పెట్టించారు. రక్తదాన శిబిరం వర్షం వల్ల ఒకసారి వాయిదా పడి తర్వాత జరిగింది. అతిథులకు శాలువాలు, మెమెంటోలు పూర్తిగా ఆపేశాం. ఇద్దరు అతిథులు చిన్నబుచ్చుకున్న మాట నిజమే. ఆ ఖర్చు ఎటు మళ్లిందో చెప్పాక వాళ్లే చందా ఇచ్చి రసీదు రాయించుకుని వెళ్లారు.

ఇక అసలు విషయం. హన్మకొండలో గదులు అద్దెకు తీసుకుని చరిత్రలోనో తెలుగులోనో పీహెచ్‌డీ చేసే పిల్లలను మనమంతా చూస్తూనే ఉన్నాం. పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచే వాళ్లకు టెన్షన్. ఫెలోషిప్ ఆగిపోతుంది, ఉద్యోగం రాదు. గెస్ట్ లెక్చరర్‌గా చేరితే పీరియడ్ లెక్కన డబ్బు, వేసవి సెలవుల్లో అదీ లేదు. ఐదారేళ్లు కష్టపడి సేకరించిన సమాచారం ట్రంకుపెట్టెలో ఉండిపోతుంది. థీసిస్‌ను పుస్తకం చేయడానికి, కొత్త ప్రశ్న ఎత్తుకోవడానికి కావాల్సింది పెద్ద ప్రయోగశాల కాదు, తీరిక. ఆ తీరికకు జీతం కట్టేదే పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. మానవీయ శాస్త్రాల్లో అలాంటివి తక్కువ. మనలాంటి ఊరి సంఘం చేయి వేయాల్సింది సరిగ్గా అక్కడే అని కార్యవర్గం అనుకున్నది.

"ఉన్నత అధ్యయన సంస్థ అంటే కొత్త యూనివర్సిటీనా?" అని చాలామంది అడిగారు. కాదు. అక్కడ డిగ్రీలు, పరీక్షలు ఉండవు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 1930లో ఏర్పడిన సంస్థ దీనికి బాగా తెలిసిన నమూనా. దానికి డబ్బు పెట్టినవాళ్లు ప్రొఫెసర్లు కాదు, న్యూవార్క్‌లో పెద్ద దుకాణం నడిపిన లూయీ బాంబర్గర్, ఆయన చెల్లెలు కరోలిన్. 1929లో దుకాణం అమ్మేశాక వైద్య కళాశాల పెడదామనుకున్నారు. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన, పండితులు పాఠాల ఒత్తిడి లేకుండా ఆలోచించుకునే చోటు కావాలని వాళ్లను ఒప్పించి, తానే మొదటి డైరెక్టర్ అయ్యాడు. ఐన్‌స్టీన్ వెళ్లింది అక్కడికే. చౌరస్తాలో బట్టల కొట్లున్న మన సభ్యులకు ఈ కథ బాగా నచ్చిందని సమావేశంలోనే తెలిసిపోయింది.

మన దేశంలో సిమ్లాలో ఉన్నది భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ. ఒకప్పుడు వైస్రాయి వేసవి విడిది, తర్వాత రాష్ట్రపతి నివాసం అయిన భవనాన్ని చదువుకు ఇవ్వాలన్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆలోచన. 1965లో ఆయనే దాన్ని ప్రారంభించారు. అక్కడ చేసేది ప్రధానంగా మానవీయ, సామాజిక శాస్త్రాల పరిశోధనే. మనం ఒప్పందం చేసుకున్నది ఈ రెండింటితోనూ కాదు, ఇదే పద్ధతిలో నడిచే మరో సంస్థతో. రెండో ఏడాది సంతకాలు అయ్యేవరకు పేరు అచ్చులో వేయొద్దని వాళ్లు కోరారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

మొదటి ఫెలో ఎంచుకున్నది చెరువుల శాసనాలు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతీయ రాజు గణపతిదేవుని తోబుట్టువు మైలమ వేయించిన శాసనం మీకు తెలిసే ఉంటుంది. కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు తెలియడానికి ముఖ్య ఆధారం అదే. అయితే ఈ అమ్మాయి చూస్తున్నది రాజుల పేర్లు కాదు, నీళ్లు. చెరువు తవ్వించినవారికి దాని కింద పారే భూమిలో పదో వంతు ఇచ్చే దశబంధం పద్ధతి ఉండేది. ఆ పదో వంతు ఎవరి చేతికి పోయింది, కట్ట తెగితే మట్టి ఎవరు పోశారు, నీళ్లు వదిలే తూము దగ్గర ఎవరి మాట చెల్లింది అన్నవి ఆమె ప్రశ్నలు. ఆరు నెలలు శాసన పాఠాలతో కుస్తీ పట్టింది. అచ్చులో ఉన్న పాఠాన్ని రాతి ముందు నిలబడి మళ్లీ అక్షరం అక్షరం పోల్చుకున్నది. తర్వాత ఊళ్లు తిరిగి చెరువు నీళ్లను పొలాలకు పంచే ముసలి నీరటికాళ్లతో మాట్లాడింది. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు), తూము, శిఖం (చెరువు లోపలి ముంపు భూమి) లాంటి మాటలను వాళ్లు ఏ అర్థంలో వాడుతున్నారో రాసుకున్నది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీశాం. ఈమె తీస్తున్నది ఆ చెరువుల లెక్కల పూడిక. పీరియడ్లు చెప్పుకుంటూ ఎవరూ చేయగలిగే పని కాదిది.

షరతుల మీద కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. ఫెలో మన జిల్లావాళ్లే కావాలని కొందరు, కాకతీయుల గొప్పతనమే రాయాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. చివరికి ఎంపిక పూర్తిగా సంస్థ నియమించే పండితుల చేతికే వదిలాం. మనం అడిగినవి రెండే: అంశం తెలంగాణకు సంబంధించింది కావాలి, ఏడాదిలో ఒక్కసారైనా తేలిక తెలుగులో మనకు ప్రసంగించాలి. నాకైతే ఈ రెండోదే ముఖ్యం. పైసలిచ్చినవాళ్లకు నచ్చేదే రాయాలంటే దాన్ని పరిశోధన అనరు, పొగడ్త అంటారు.

ఎనుమాముల మార్కెట్లో అడ్తి నడిపే మన సభ్యుడు ఉండబట్టలేక అడిగాడు: "సార్, పెట్టుబడి పెట్టినం. దిగుబడి ఎప్పుడు చూపిస్తరు?" రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఎదురు ప్రశ్న వేశారు: "మిర్చిని కోల్డ్ స్టోరేజీల ఎన్ని నెలలు పెడుతవు?" "రేటు వచ్చేదాక." "ఇదీ అంతే." అందరూ నవ్వారు గానీ ఆ పోలిక పూర్తిగా కుదరదని ఇక్కడ రాసి ఉంచుతున్నాను. మిర్చికి ఎప్పుడో ఒకప్పుడు రేటు వస్తుంది, దశబంధం మీద రాసిన వ్యాసానికి రాకపోవచ్చు.

అయినా సర్కారు కోసం చూడకుండా చదువుకు చేయి వేయడం మన దగ్గర కొత్త సంగతి కాదు. నిజాం కాలంలో, తెలుగు చదువుకే దిక్కు లేని రోజుల్లో, 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. హైదరాబాద్‌లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా శాసనాలు సేకరించి 1935లో తెలంగాణ శాసనాల మొదటి సంపుటం తెచ్చింది. ఆ పని చేసింది సర్కారు కాదు.

ఇప్పుడు మా తప్పులు. మొదటి విడత డబ్బు ఫెలోకు రెండు నెలలు ఆలస్యంగా అందింది. చెక్కు మీద సంతకం చేయాల్సిన ఇద్దరిలో ఒకరు అమెరికాలో కూతురి దగ్గర ఉన్నారు. వేరే ఏర్పాటు ముందే చేసుకోకపోవడం నా పొరపాటే. ఆ రెండు నెలలు ఆమె అప్పు చేసి అద్దె కట్టిందని తర్వాత తెలిసి సిగ్గేసింది. ఇకపై ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చాలు.

రెండోది డాలస్ డబ్బు. అక్కడి మిత్రుడొకరు ప్రేమగా పెద్ద మొత్తమే పంపారు. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారని మాకు తట్టలేదు. పుట్టింది పరకాలలోనే అయినా, చట్టం లెక్కలో అది విదేశీ విరాళమే. మన సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేదు, డబ్బు తిప్పి పంపేశాం. అనుమతి ఉన్నా లాభం లేదు, 2020 సవరణ తర్వాత అలాంటి విరాళాన్ని ఒక సంస్థ మరో సంస్థకు ఇవ్వకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఇక్కడివాళ్లకు ఒక మాట: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు, పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే అది వర్తిస్తుంది.

లెక్క ఇదీ. ఫెలోకు నెలకు 45,000 రూపాయలు. పీహెచ్‌డీ చేస్తున్నవారికే యూజీసీ 2023 నుంచి నెలకు జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కింద 37,000, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద 42,000 ఇస్తున్నప్పుడు పట్టా ఉన్నవారికి అంతకన్నా తక్కువ ఇవ్వడం బాగుండదు. ఏడాదికి 5,40,000, ప్రయాణాలకూ పుస్తకాలకూ 60,000, మొత్తం 6 లక్షలు. ఏటా చందాలు అడుక్కోకుండా వడ్డీతోనే ఇది నడవాలంటే, 7 శాతం చొప్పున దాదాపు 86 లక్షలు డిపాజిట్ కావాలి. ధరలు పెరుగుతాయి కాబట్టి కోటి అనుకోండి. ఇప్పుడు మన దగ్గర ఉన్నది అందులో నాలుగో వంతు కూడా కాదు. కోటి కోసం ఆగుదామా, చందాలతోనే రెండో ఫెలోను పిలుద్దామా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. నా ఓటు రెండోదానికే. ఆగితే ఈలోపు మరో నలుగురి ట్రంకుపెట్టెలకు తాళాలు పడతాయి.

సమావేశం తర్వాతి ఆదివారం ఫెలోతో కలిసి బయ్యారం వెళ్తున్నాం. శాసనం దగ్గర నిలబడి ఆమే చదివి చెబుతుంది. బస్సు కేయూ క్రాస్ రోడ్డు నుంచి ఉదయం 6 గంటలకు బయలుదేరుతుంది. చాయ్ సంఘానిది, సద్ది ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

— కార్యదర్శి