యెంకి పాట జానపదం కాదు, కవి పేరు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సంక్రాంతికి మా ఊరి కాలువగట్టు మీద, గుడి ముందు వేసిన పందిట్లో పాటల పోటీ జరిగింది. ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి ‘గుండె గొంతుకలోన కొట్లాడుతాది’ అంటూ చక్కగా ఎత్తుకుంది. అంతకు ముందు మైకులో వ్యాఖ్యాతగారు ‘ఇప్పుడొక జానపద గేయం’ అని ప్రకటించారు, కవి పేరు మాత్రం చెప్పలేదు. పాట ముగిశాక న్యాయనిర్ణేతల్లో ఒకరు ఆ అమ్మాయిని పిలిచి ‘కూకుండనీదురా’ అనకూడదని, ‘కూర్చోనివ్వదురా’ అని పలకాలని చెప్పి, ఉచ్చారణ కింద రెండు మార్కులు తగ్గించారు. కవి కావాలని ఎంచి పెట్టుకున్న మాట పాడినమ్మాయి తప్పయింది. ఈ లేఖ రాయడానికి కారణం ఆ రెండు మార్కులే.

ఈ యెంకి పాట రాసిన నండూరి వెంకట సుబ్బారావుగారు పరాయి ప్రాంతం వారు కారు. 1895లో ఏలూరు దగ్గర వసంతవాడలో పుట్టి, ఏలూరులోనే వకీలుగా పనిచేసి, 1957లో కన్నుమూశారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో, 1917, 18 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ పాటలు 1925లో ‘యెంకి పాటలు’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకానికి నూరేళ్లు నిండాయి. కావ్యనాయిక అంటే గ్రాంథికంలోనే మాట్లాడాలన్న పట్టుదల ఇంకా సడలని కాలంలో, ఒక పల్లెపడుచును, ఆమె నాయుడు బావను వాళ్ల మాటతోనే ప్రేమించుకోనిచ్చిన సాహసం ఆయనది. ‘ఎంకి’ అని కాక ‘యెంకి’ అని రాయడం సైతం ఆ సాహసంలో భాగమే. అలాంటి పాటలో యాసను ‘సరిదిద్దడం’ అంటే, ఆయన నూరేళ్ల కిందట గెలిచిన వాదాన్ని మళ్లీ ఓడించడమే.

ఇవి పుస్తకంలో చదువుకునే పద్యాలుగా కంటే నోటికెక్కిన పాటలుగానే ఎక్కువ బతికాయి. ఇక్కడే చిక్కు కూడా ఉంది. మా ఇంట్లో మా తాతగారు కొన్న ఒక గ్రామఫోను ప్లేటు ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు, కాస్త గట్టిగా పట్టుకుంటే విరిగిపోయే రకం. దాని నడుమ కాగితం చెదలు తినగా ‘యెంకి’ అన్న మాట, దాని కింద సగం అక్షరం మిగిలాయి. పాడినవారెవరో ఆ సగం అక్షరంతోనే పోయింది. ముల్లు పెట్టగానే ముందు వాన కురిసినట్టు చప్పుడు, ఆ వెనక హార్మోనియం, ఆ తర్వాత గొంతు. ప్లేటుకు ఒక వైపున మూడు నిమిషాలకు మించి పట్టదు కనుక పాటకు కత్తెర తప్పేది కాదు. పుస్తకం పక్కన పెట్టుకుని వింటే మా ప్లేటులో రెండు చరణాలు లేవు. ఆ ప్లేటు విని పాట నేర్చుకున్న మా మేనత్త జీవితాంతం ఆ రెండు చరణాలు లేకుండానే పాడింది, ఆమె దగ్గర నేర్చుకున్నవారూ అంతే.

ఆ తర్వాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక, మా డెల్టా ఊళ్లలో యెంకి పాట అంటే రేడియో పాటే. శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతులో విన్నవారికి ఆ సంగతి నేను చెప్పనక్కరలేదు. శాస్త్రీయ సంగీతంలో ఆరితేరిన ఆ విదుషీమణి పల్లె మాటను ఎక్కడా దిద్దకుండా, ఒక్కొక్క పలుకునూ నిలిపి పాడేవారు. మా పోటీ న్యాయనిర్ణేతలు ఆ ఒక్క పాట విన్నా ఆ మార్కులు మిగిలేవి.

ఇదొక్క పాటకు పట్టిన గతి కాదు. కొనకళ్ల వెంకటరత్నంగారు రాసిన ‘మొక్కజొన్న తోటలో’ గేయాన్ని 1969లో ‘అదృష్టవంతులు’ చిత్రంలో పి. సుశీలగారు పాడారు. దాన్నీ జానపదమనే అనుకునేవారు నా ఎరుకలోనే పదిమంది ఉన్నారు. జనం నోట అంతగా కలిసిపోవడం కవికి గౌరవమే అని కొందరు అంటారు. కావచ్చు, కానీ ఆ గౌరవం పేరు చెప్పాక కూడా దక్కుతుంది కదా!

డబ్బుతో పనిపడే అడ్డంకి కూడా ఇప్పుడు లేదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. కనుక సుబ్బారావుగారి పాటల మీద ఆ హక్కు 2017 చివరితో తీరిపోయింది. ధ్వనిముద్రణలకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ రకంగా విడుదలై అరవై ఏళ్లు దాటిన లక్క ప్లేట్ల మీద ధ్వనిముద్రణ హక్కు కూడా తీరిపోయింది. అడిగేవారు లేరు కదా అని కవి పేరునూ వదిలేయడమే బాధగా ఉంది.

అందుచేత పోటీలు నడిపేవారికి, పాఠశాలలకు, పండుగ వేదికల నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: పాటకు ముందు కవి పేరు చెప్పండి, ఆయన రాసిన మాటను రాసినట్టే పాడనివ్వండి. ఆకాశవాణి వారు తమ దగ్గరున్న పాత టేపులను వినిపించేటప్పుడు పాడినవారితో పాటు వరస కట్టినవారి పేరూ, ముద్రించిన సంవత్సరమూ చెబితే బాగుంటుంది. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం వంటి చోట పాత పుస్తకాలకు నీడ దొరికినట్టే, ఈ ప్లేట్లకూ ఒక గది, ఒక యంత్రం, వచ్చినవారు కూర్చుని వినడానికి నాలుగు కుర్చీలు ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. మా వైపు వానాకాలపు చెమ్మకు ఏటా ఎన్నో పెట్టెల్లో ఇవి బూజు పట్టిపోతున్నాయి.

మా ఇంటి ప్లేటుకు నకలు తీసుకుంటామని ఏ గ్రంథాలయం వారు అడిగినా ఇస్తాను. పార్సిలులో మాత్రం పంపలేను, బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే తెస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పాలకొల్లు