కెప్టెనే దుబాసీ అయితే ఎలా?

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. నడిసముద్రంలో తనిఖీకి పరదేశం బోటెక్కిన ఆఫీసరు ఏ భాషలో మాట్లాడతాడ్రా అని అడిగావు. భలే ప్రశ్న వేశావు.

పసిఫిక్‌లో ట్యూనా బోట్ల సంగతే చెబుతా. కెప్టెన్ తైవాన్‌వాడో చైనావాడో అయితే, కింద పనిచేసేది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, వియత్నాం కుర్రాళ్లు. తనిఖీకి వచ్చేవాడిది మరో దేశం. బోటు ఆపడానికి మాటలక్కర్లేదు. పసుపు, నలుపు గళ్ల ‘ఎల్’ జెండా ఎగరేస్తే తక్షణం ఆగమని అర్థం. చేపల పేర్లకీ తంటా లేదు. ఎల్లోఫిన్ అనే ట్యూనా రకాన్ని ఎవడి భాషలో వాడు ఏమని పిలిచినా, కాగితం మీద ‘వైఎఫ్‌టీ’ అనే మూడక్షరాల కోడ్ ఉంటే చాలు.

అసలు టెన్షన్ ప్రశ్నలడిగేటప్పుడే. పశ్చిమ, మధ్య పసిఫిక్ చేపల కమిషన్ దీనికి 2006లోనే ఒక దారి వేసింది. కెప్టెన్‌కి అర్థమయ్యే భాషలో మాట్లాడేందుకు ప్రయత్నించాలి, కుదరకపోతే పలు భాషల్లో అచ్చేసిన ప్రశ్నల పత్రం వాడాలి. ఆఫీసరు తన భాషలో ఉన్న ప్రశ్న మీద వేలు పెడితే, కెప్టెన్ అదే ప్రశ్న తన భాషలో చదువుకుంటాడన్నమాట. లైసెన్సు, లాగ్‌బుక్ (పట్టిన చేపల లెక్క రాసే పుస్తకం) లాంటి వాటి వరకు ఇది బాగానే నడుస్తుంది.

నాకు నచ్చనిది ఒక్కటే. ఆ ప్రశ్నలన్నీ కెప్టెన్‌కే. జీతం అందక, దెబ్బలు తిని, పాస్‌పోర్టు ఎవడి పెట్టెలోనో ఇరుక్కుపోయిన డెక్ మీది కుర్రాడిని అడిగేదెవరు? అడిగినా, అతని మాట తర్జుమా చేసేది ఆ కెప్టెనో అతని మనిషో అయితే ఏం బయటికొస్తుంది చెప్పు! పిల్లికి పాలకుండ కాపలా పెట్టినట్టే. రేవులో బయటి దుబాసీని పిలిపించి, కెప్టెన్ చెవిన పడని చోట కూర్చోబెట్టి అడగాలి. కనీసం ఆ కుర్రాడి భాష వచ్చినవాణ్ని ఫోన్లోకైనా తేవాలి. ఖర్చంటారు. బోటును రేవులో ఒక రోజు ఆపితే అయ్యే ఖర్చు ముందు అదెంతరా?

మనకేం పట్టిందిలే అనకు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ రేవు బోట్ల మీద పనికెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు గుర్తున్నారా? అక్కడ పరదేశీలు మనవాళ్లే. కరాచీ మలీర్ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దాటి వచ్చారు.

మీ చిన్నాన్న కొడుకు ఈసారి కూడా వెరావల్ వెళ్తున్నాడా? ఎక్కడైనా చిక్కితే, తెలుగులో చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దని గట్టిగా చెప్పు. అత్తని అడిగానని చెప్పు. ఎండుచేపలు పంపుతానన్నావు, ఏవిరా?

నీ,
గోపీ