ఊరి కబడ్డీకి స్కోరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఊరు వెళ్ళేవారు రైలు టిక్కెట్ల కోసం ఎదురుచూసే రోజులివి. ముందస్తు రిజర్వేషను గడువును రైల్వేశాఖ 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులకు కుదించింది. అందువల్ల భోగినాటికి ఇంటికి చేరాలనుకునే మావంటి వారందరం నవంబరు మధ్యలో ఒక ఉదయం 8 గంటలకు ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నాము. వెళ్ళే తేదీ గురించి మా ఇంట్లో ఎన్నడూ పేచీ లేదు. తిరుగు ప్రయాణం ఎప్పుడన్నదే ఏటా తెగని చర్చ, దానికి కారణం మా ఊరి కబడ్డీ పోటీలు. ఆ పోటీల గురించి మీ పత్రికకు ఒక విన్నపం చేసుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది చీరాల ప్రాంతంలోని ఒక పల్లె. ఉద్యోగరీత్యా పదేళ్ళుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాము. కనుమనాడు కాకి కూడా ప్రయాణం చేయదని మా నాన్నగారు ఒప్పుకోరు కాబట్టి, పోటీలు ఎప్పటిలాగే కనుమ రాత్రితో ముగుస్తాయన్న నమ్మకంతో, పోయిన సంక్రాంతికి ముక్కనుమ ఉదయం రైలుకు టిక్కెట్లు తీసుకున్నాము. తీరా పండుగ వారం ఉందనగా రామాలయం దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఫైనల్ ముక్కనుమ రాత్రి అని ఉంది. ఆరో తరగతి చదివే మా అబ్బాయి సెమీఫైనల్స్ వరకు చూసి, మా ఊరి జట్టు ఫైనల్‌కు చేరిన సంతోషం పూర్తిగా తీరకుండానే రైలెక్కవలసి వచ్చింది. తెనాలి దాటేదాకా వాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

మరునాడు హైదరాబాదులో వాడు ఒక దినపత్రిక జిల్లా పేజీని ఫోనులో వెతికి మరీ చదివాడు. పోటీలను ఎవరు ప్రారంభించారో, సభకు ఎవరు అధ్యక్షత వహించారో, మొదటి బహుమతి ఎవరి జ్ఞాపకార్థం ఎవరు ఇచ్చారో, వేదిక మీద ఇంకా ఎవరెవరు కూర్చున్నారో అందులో వివరంగా ఉంది. గెలిచిన ఊరి పేరు చివరి వాక్యంలో ఉంది. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారో లేదు, ఆడినవారిలో ఒక్కరి పేరూ లేదు. "నాన్నా, ఇందులో ఆడింది ఎవరు?" అని వాడు అడిగాడు. ఏ పత్రిక తిరగేసినా ఊరి ఆటల వార్తలు చాలావరకు ఇదే మూసలో ఉంటాయి కనుక, ఇది ఒక్కరి మీద చేస్తున్న ఫిర్యాదు కాదు.

అయితే పత్రికలకు వివరంగా రాయడం రాదనీ అనలేము. ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీల వార్తలు చూడండి. వయసును పళ్ళ లెక్కన చూస్తారు కనుక రెండు పళ్ళ విభాగమా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా, ఏ జత నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు లాగింది, యజమాని ఎవరు, ఏ ఊరు, ఏ మండలం అన్నవన్నీ వరుసగా వస్తాయి. ఎద్దులు వాటిని చదువుకోకపోయినా, చదివి కత్తిరించి దాచుకునే రైతులు మా ఊళ్ళోనే నలుగురైదుగురు ఉన్నారు. ఆ శ్రద్ధలో సగమైనా కూతకు వెళ్ళి మోకాళ్ళు చెక్కుకుపోయిన కుర్రవాళ్ళ మీద చూపమని నా కోరిక.

ఆ సమాచారం కోసం విలేకరులు పెద్దగా శ్రమపడవలసిన పని కూడా లేదు. ఇప్పుడు పల్లెల్లో కూడా పోటీలు నిబంధనల ప్రకారమే జరుగుతున్నాయి. జట్టుకు ఏడుగురు, పురుషులకైతే 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, కూతకు 30 సెకన్లు, ఎదుటి జట్టు మొత్తాన్ని అవుట్ చేస్తే లోనా కింద అదనంగా రెండు పాయింట్లు. ఇవన్నీ రాసుకునేందుకు ఒక స్కోరర్ బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఆయన స్కోరు షీటును ఫోనుతో ఫొటో తీసి నిర్వాహకులు మండల విలేకరికి పంపితే సరిపోతుంది. మా నాన్నగారి కాలపు చెడుగుడులో గడియారమూ లేదు, కాగితమూ లేదు. ఊపిరి ఆగితే అవుట్, అంతే. అందుకే ఆయన గెలిచానని చెప్పే ఆటలకు ఇప్పుడు ఆయన తప్ప సాక్షులెవరూ లేరు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక పుట్టిన మా అబ్బాయి మాత్రం తెలుగు టైటాన్స్ ఆటగాళ్ళలో ఎవరు ఎన్ని రైడ్ పాయింట్లు తెచ్చారో చెబుతాడు. పక్క వీధి కుర్రవాడి లెక్క కూడా వాడికి అలాగే తెలియాలని నేను ఆశపడుతున్నాను.

ఆడపిల్లల పోటీల సంగతి మరీ విచారకరం. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పాఠశాల జట్టులో ఆడుతుంది. ఊళ్ళో బాలికల జట్లు కూడా దిగుతున్నాయని విని ఎంతో ఉత్సాహపడింది. ఆ ఆటలను కనుమ మధ్యాహ్నం, ఇంటింటా ఆడవాళ్ళు గారెల పిండి ముందు కూర్చున్న వేళ, మైకులో ఒక్కసారి చెప్పి మొదలుపెట్టేశారు. బాలికల మ్యాచ్ మొత్తం అరగంట ఆటే కావడంతో, మా ఆవిడా అమ్మాయీ చేతులు కడుక్కుని వెళ్ళేసరికి ముగింపు చప్పట్లు వినిపించాయి. వేళ ముందే తెలిస్తే గారెలు ఒక గంట ఆగేవి.

కాబట్టి నా విన్నపం ఇది. పండుగకు ముందు జిల్లా పేజీలో ఏ ఊళ్ళో ఏ పోటీలు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్న పట్టిక వేయండి. ప్రతి పండుగకూ పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో వేస్తున్నారు. ఆ కార్లలో ఉన్నవారికి ఇది పనికివచ్చే సమాచారం. పోటీలయ్యాక స్కోరునూ, బాగా ఆడిన ఇద్దరు ముగ్గురి పేర్లనూ వార్త మొదటి వాక్యాల్లోనే ఇవ్వండి. అతిథుల పేర్లు ఆ తరువాత ఎన్నయినా వేసుకోవచ్చు. పోటీల నిర్వాహకులు కూడా రిజర్వేషన్లు మొదలయ్యేలోగా, అంటే కార్తీక మాసంలోనే తేదీలు ఖరారు చేస్తే, దూరాన ఉన్న మావంటి కుటుంబాలు వాటినిబట్టి ప్రయాణాలు కుదుర్చుకోగలవు. ఈసారి తేదీలు ఇంకా తెలియలేదు. అందుకని ముక్కనుమ మర్నాటికి నాలుగు టిక్కెట్లు తీసుకుంటున్నాము. మా అబ్బాయి మాత్రం ఇంకొక రోజు ఆగుదామంటున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాదు