ఫైర్ స్టేషన్లకు ఏటా నిధులివ్వాలి

సంపాదకులకు,

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలు పోటెత్తే కాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు, రైతు ఏడాది కష్టం బూడిదవడానికి. పత్తి బేళ్లలో మంట పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. గంటల తరబడి నీళ్లు కొట్టాల్సిందే. అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. దాని కింద మన రాష్ట్రంలో చేపట్టే పనుల ఖర్చులో 25 శాతం వాటా రాష్ట్రమే పెట్టుకోవాలి. ఆ సొమ్మును బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టాలి. కొత్త బండి కొంటే పని అయిపోదు; డ్రైవర్లు, ఫైర్‌మెన్ జీతాలు, డీజిల్, రిపేర్ల ఖర్చు ఏటా ఉంటాయి. నా దృష్టిలో అసలు టెన్షన్ అక్కడే. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెలకు బండి ఆలస్యమైతే గుడిసెలో గింజ కూడా మిగలదు. మార్చి ఎండలు ముదరకముందే అక్కడికి చిన్న బండ్లయినా ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ