ఆ సీసా మీద ‘రక్తం’ అని మాత్రమే రాసి ఉంది

గౌరవనీయులైన హోంమంత్రి గారికి,

నమస్కారం. మృతుల శరీరంలో విషాలు, మందులు ఉన్నాయేమో తేల్చే ఫోరెన్సిక్ టాక్సికాలజీ ల్యాబ్‌లో పోస్ట్‌మార్టం రక్తాన్ని పరీక్షకు సిద్ధం చేయడం నా పని. ఖరీదైన యంత్రాల గురించి అందరూ మాట్లాడతారు. నేను అడిగేది సీసా గురించి.

మొన్న ఒకటి తెరిచాను. సగం గాలి, అడుగున నల్లటి గడ్డ. లేబుల్ మీద ‘రక్తం’ అన్న ఒక్క మాటే. గుండెలోంచి తీశారో, తొడ సిరలోంచి తీశారో రాయలేదు. రక్తం చెడకుండా వేసే సోడియం ఫ్లోరైడ్ కలిపారో లేదో కూడా తెలియదు.

ఇది చిన్న లోపం కాదండీ. ప్రాణం పోయాక మందు ఉన్నచోట ఉండదు. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పేరుకున్నది గుండె రక్తంలోకి ఊరుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి మందులు తొడ రక్తంలో కన్నా అక్కడ కొన్ని రెట్లు ఎక్కువ కనిపించవచ్చు. డాక్టరు చెప్పిన మోతాదే వేసుకున్న మనిషి గుప్పెడు మాత్రలు మింగినట్టు కాగితం మీద తేలితే, ఆ ఇంటివాళ్లకు ఏం సమాధానం చెప్పాలి? ఫ్లోరైడ్ లేకపోతే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తాయి. చుక్క ముట్టని మనిషి మీద తాగుడు ముద్ర పడుతుంది. మూర్ఛకు, ఆందోళనకు ఇచ్చే క్లోనజెపామ్ కూడా బ్యాక్టీరియా చేతిలో 7-అమినోక్లోనజెపామ్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. ఈ రెండు రూపాలనూ వెతక్కపోతే అసలు మందే లేదనుకుంటాం.

మా బల్ల దగ్గర చేయగలిగింది చేస్తాం. గడ్డను మెత్తగా కలిపి, చిక్కటి రక్తం పిపెట్‌లో సరిగా రాదు కాబట్టి తూచి తీసుకుంటాం. డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్, అంటే కొలతకు పోలికగా తెలిసిన మోతాదులో కలిపే అదే మందు, వేశాక, ప్రోటీన్‌ను విడగొట్టే చల్లటి అసిటోనైట్రైల్ ద్రావకాన్ని, గొట్టాన్ని వోర్టెక్స్ అనే కుదుపు యంత్రం మీద తిప్పుతూ కొంచెం కొంచెంగా పోస్తాం. ఒక్కసారిగా పోస్తే ప్రోటీన్ ముద్దకట్టి మందును లోపలే పట్టేసుకుంటుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి ఆ ప్రోటీన్‌ను అడుక్కి దించుతాం. బాగా కుళ్లిన రక్తమైతే అప్పటికీ యంత్రంలో మందులను వేరుచేసే సన్నటి గొట్టం (కాలమ్) మూసుకుపోతుంది. ఇంత జాగ్రత్త పడ్డా, ఏ చోటి రక్తమో చెప్పే శక్తి మాకు లేదు.

అందుకే అడుగుతున్నాను. ప్రతి మార్చురీకి ఫ్లోరైడ్ వేసిన సీసాలు ఇప్పించండి. మూత దాకా నింపమనండి. వీలున్నంతవరకు తొడ సిర నుంచే తీసి, తీసిన చోటూ వేళా రాయాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆల్కహాల్ పోల్చి చూడటానికి కంటిలోని ద్రవం వేరే సీసాలో రావాలి. ల్యాబ్ చేరేదాకా 4 డిగ్రీల చలిలో ఉంచే పెట్టెలు కావాలి. ఇంటర్నల్ స్టాండర్డ్‌లకు ఏటా విడిగా నిధులు ఉండాలి, అవి లేకుండా మేమిచ్చే అంకెను నేనే నమ్మలేను.

ఆ సీసా ఇంకా మా ఫ్రీజర్‌లో ఉంది. రిపోర్టులో ‘నమూనా తీసిన చోటు తెలియదు’ అని రాయబోతున్నాను.

ఇట్లు,
ఒక టాక్సికాలజీ అనలిస్టు