చిన్నాకు, నైరోబీ నుంచి

చిన్నా,

ఎలా ఉన్నావు? ఇక్కడ వానలు మొదలయ్యాయి. అమ్మ కందిపొడి కొట్టి పెట్టింది, వంశీ వచ్చేటప్పుడు పంపుతాం. నీ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. మోకాలు వాచినా కట్టు కట్టుకుని మ్యాచ్‌లు ఆడుతున్నావని మొంబాసా బాబాయి ఎవరి దగ్గరో విన్నాట్ట. నిజమా కాదా అని నేను అడగను. ఊరికే నాలుగు కబుర్లు రాద్దామని కూర్చున్నాను.

నిన్న సుబ్బారావు అంకుల్ వచ్చి, యూరప్‌లో ఫుట్‌బాల్ ఆడిన కెన్యా వాళ్లలో ఎవరు గొప్ప అని మళ్లీ మొదలెట్టాడు. ఆయనకు మారిగాయే దేవుడు. 2010లో ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ జట్టులో ఉండి, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ కప్పు అందుకున్నాడు, కాదనను. కానీ మాడ్రిడ్‌లో ఆ ఫైనల్ అంతా బెంచీ మీదే ఉన్నాడు. ఆ తర్వాత మోకాలి గాయాలు అతన్ని ఎంత వెనక్కి లాగాయో చూశాం కదా. నా ఓటు అతని తమ్ముడు వన్యామాకే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడిన మొదటి కెన్యా వాడు. 2012లో స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్ తరఫున బార్సిలోనా మీద తలతో గోల్ కొట్టాడు. ఫ్రాన్స్‌లో ఒసేర్ క్లబ్‌కి ఏళ్ల తరబడి ఆడిన ఒలియెచ్‌ని మాత్రం ఎవరూ తలవరు, అది నాకు బాధ.

2018 ఫిబ్రవరిలో ఆ ఆదివారం రాత్రి గుర్తుందా? అమ్మ చపాతీలు వత్తుతోంది, నువ్వు సోఫా అంచున కూర్చున్నావు. మోకాలి దెబ్బతో నెలల తరబడి ఆటకు దూరమై వన్యామా అప్పుడప్పుడే తిరిగొచ్చాడు. అతని జట్టు టోటెన్‌హామ్ మీద, తన సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 1-0తో ముందుంది. పది నిమిషాలు మిగిలాయనగా వన్యామాని ఆటలోకి దించారు. దిగిన కాసేపటికే గోల్‌కీపర్ పిడికిలితో గుద్దిన బంతి దొర్లుకుంటూ అతని దారికే వచ్చింది. ఆపలేదు, సర్దుకోలేదు, ఎక్కడో దూరం నుంచి ఒక్క తన్ను! నువ్వు అరిచిన అరుపుకి పక్కింటి పటేల్ గారు తలుపు కొట్టారు. చివరికి 2-2. కాలు నయమయ్యేదాకా ఆగాడు కాబట్టే ఆ తన్ను తన్నగలిగాడు చిన్నా. నొప్పి మాత్రలు మింగి దిగితే ఆ కాలికి అంత బలం ఎక్కడిది?

నీతులు చెప్పకూడదనే అనుకున్నాను. అయినా మన వాళ్లు ఈ ముగ్గురినీ చూడు. మారిగా, వన్యామా, ఒలుంగా, ముగ్గురూ యూరప్‌లో మొదట మీ స్వీడన్‌లోనే దిగారు. ఒలుంగా అక్కణ్ణుంచి చైనాకెళ్లి, స్పెయిన్‌లో జిరోనా క్లబ్‌కి వచ్చి లాస్ పాల్మాస్ జట్టు మీద హ్యాట్రిక్ కొట్టాడు. అంత తిరిగినా ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తిచేశాడు. ఆట వద్దని నేను ఎప్పుడైనా అన్నానా? క్లాసులు మానకు, డాక్టర్ వద్దన్నన్నాళ్లు గ్రౌండ్‌కి వెళ్లకు, అంతే.

ఎంఆర్ఐ తీయించావా? డబ్బు సంగతి నేను చూసుకుంటాను, రిపోర్ట్ ఫొటో తీసి పంపు. మంచు మీద పరుగెత్తకు. అమ్మకు ఫోన్ చెయ్యి, అరుస్తుంది, పర్లేదు. రాత్రి మాత్రం ఆ కట్టు విప్పి పడుకో, కాలి కింద దిండు పెట్టుకో.

నాన్న