అమ్మాయిని బీఎస్సీలో చేర్చు, ముందు ల్యాబు చూడు

విజయనగరం,
జూన్ 2024.

ఒరే పైడిరాజూ,

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలు. మీ అమ్మాయిని బీఎస్సీలో చేర్చాలా వద్దా, చేరిస్తే కెమిస్ట్రీనా ఫిజిక్సా అని నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేశాను గానీ, ఆ రాత్రి నుంచీ మనసు అక్కడే ఉంది. కాగితం మీద పెడితే చెల్లెమ్మ కూడా చదువుతుంది, అమ్మాయీ చదువుతుంది. "ఈ రోజుల్లో బీఎస్సీ ఏమిటి" అంటున్న మీ పెద్దన్నయ్యకూ చూపించవచ్చు.

ముందు నా మాట సూటిగా చెప్పేస్తాను. అమ్మాయిని బీఎస్సీలో చేర్చు. ఇంటర్ ఎంపీసీలో అంత మంచి మార్కులు తెచ్చుకుని, ఈఏపీసెట్ ర్యాంకు చేతిలో పెట్టుకుని కూడా "నాకు కెమిస్ట్రీయో ఫిజిక్సో కావాలి మామయ్యా" అన్న పిల్లను నేను చాలా ఏళ్ల తరవాత చూస్తున్నాను. ఎక్కడా సీటు రాక మిగిలిపోయి మా క్లాసుకు వచ్చి కూర్చునే పిల్లలకే పాఠం చెప్పి చెప్పి ఉన్నవాణ్ని. కోరి వస్తానంటున్న పిల్లను వెనక్కి లాగవద్దు. అయితే ఒక్క షరతు. కాలేజీని దాని పేరు చూసి, బిల్డింగు చూసి, బస్సు చూసి ఎంచుకోవద్దు. ల్యాబు చూసి ఎంచుకో. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

మనం చదివిన రోజులకీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా వచ్చింది, అది నీకు తెలియాలి. మనకు ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానం. మూడేళ్లూ మూడింటినీ మోశాం. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి పెట్టారు. పిల్ల ఒక్క సబ్జెక్టును మేజర్‌గా, అంటే ముఖ్యమైనదిగా, ఇంకొకదాన్ని మైనర్‌గా, అంటే దానికి తోడుగా తీసుకోవాలి. 2023-24లో చేరిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపిన పేపర్లు పెట్టారు. అసలు మేజర్ రెండో సెమిస్టర్ నుంచి మొదలైంది. మూడేళ్లకు డిగ్రీ పట్టుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఆ నాలుగో ఏడు పరిశోధనతో చదవాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలని యూజీసీ నియమం. కాబట్టి మొదటి సెమిస్టరే కదా అని వదిలేయడానికి వీల్లేదని అమ్మాయికి ఇప్పుడే చెప్పు.

ఈ పద్ధతి నాకు పూర్తిగా నచ్చలేదు. కెమిస్ట్రీ మేజర్ తీసుకున్న పిల్లలకు లెక్కలు దూరమైతే క్వాంటమ్ రసాయనం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. అందుకే మైనర్ విషయంలో ఆషామాషీగా ఉండవద్దు. "ఏది ఖాళీ ఉంటే అది" అని గుమస్తా రాసేసిన మైనర్‌తో మూడేళ్లు గడపడం దండగ. కెమిస్ట్రీ మేజర్ అయితే ఫిజిక్స్ మైనర్, ఫిజిక్స్ మేజర్ అయితే లెక్కలు మైనర్. ఆ జోడీ ఇవ్వని కాలేజీని దరఖాస్తులో కాలేజీల వరస పెట్టే ఆప్షన్లలో పైన పెట్టవద్దు.

ఇక ల్యాబు సంగతి. పేరు చెప్పను గానీ, మన రెండు జిల్లాల్లోనూ నేను పరీక్షలు జరిపించడానికి వెళ్లిన కాలేజీల్లో కొన్నింట బ్యూరెట్లు, అంటే ద్రావణాన్ని చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టాలు, పెట్టెల్లోంచి బయటికి తీసిన జాడే లేదు. సీనియర్ల రికార్డు పుస్తకంలోని రీడింగులే జూనియర్ల రికార్డులోకి దిగుతాయి. ఇరవై మంది రికార్డుల్లో చివరి అంకెతో సహా ఒకే విలువ. ఇరవై జతల చేతులు నిజంగా కొలిస్తే అలా రానే రాదు. వాళ్లు తెలివి తక్కువ పిల్లలు కారురా. వాళ్ల చేతికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అంతే. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి నువ్వు కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవద్దు. రెండో ఏడు చదువుతున్న పిల్లలెవరినైనా పిలిచి, అమ్మాయి చేత రెండు ప్రశ్నలు అడిగించు.

కెమిస్ట్రీ పిల్లల్ని ఇలా అడగాలి: ఆక్సాలిక్ ఆమ్లంలోకి పర్మాంగనేట్ వదిలితే మొదటి చుక్క రంగు వెంటనే పోతుందా? ఇది చేసినవాళ్లకే తెలుస్తుంది. కోనికల్ ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, చేత్తో ముట్టుకోలేనంతగా, 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తారు. పైన బ్యూరెట్‌లో చిక్కటి ఊదారంగు పర్మాంగనేట్. ద్రావణం అంత ముదురు రంగులో ఉంటుంది కాబట్టి ద్రవం పైభాగం మధ్యలో కిందికి వంగే అడుగు వంపు కనిపించదు, పై అంచు దగ్గరే రీడింగు తీసుకోవాలి. మొదటి చుక్క పడగానే ఫ్లాస్కంతా గులాబీ రంగు కమ్ముకుని, పోనా వద్దా అన్నట్టు కాసేపు అలాగే ఉంటుంది. పిల్లలు కంగారుపడి "సార్, అయిపోయింది" అంటారు. ఆగమంటాను. ఆ రంగు మెల్లగా విరిగిపోతుంది. ఆ తరవాత చుక్కలు పడటమే ఆలస్యం, చటుక్కున మాయమైపోతాయి. మొదటి చుక్కల్లోంచి తయారైన మాంగనస్ అయానే, అంటే రంగు లేని రూపంలోకి మారిన మాంగనీసే, తరవాతి చర్యను వేగవంతం చేస్తుంది. ఆమ్లం తక్కువైతే ఫ్లాస్కులో గోధుమరంగు మడ్డి కూడా దిగుతుంది. ఇది పుస్తకంలో ఒక వాక్యం. ఫ్లాస్కు చేతిలో తిప్పుతూ చూసిన పిల్ల మాత్రం దాన్ని జన్మలో మరిచిపోదు.

ఆ ఊదారంగు ఎక్కడిదో ఏటా మా పిల్లలకు చెబుతాను. మన చీపురుపల్లి, గరివిడి వైపు భూమిలో ఉన్న మాంగనీసే అది. రైలు కిటికీలోంచి ఆ నల్లటి రాతికుప్పలు చూస్తూ పెరిగిన పిల్లలకు, అదే మూలకం సీసాలో ఊదారంగుగా, ఫ్లాస్కులో రంగు లేకుండా, మడ్డిలో గోధుమరంగుగా ఎందుకుందో అర్థమైన రోజున వాళ్ల ముఖాలు చూడాలి. ఈ ఉద్యోగంలో నాకు దక్కినదాంట్లో అదే పెద్దది.

ఫిజిక్స్ పిల్లల్ని అడగాల్సింది: సోడియం దీపం పసుపు గీత రెండుగా విడిపోవడం చూశారా? చీకటి గదిలో, వెలుగు పక్కకు తిరిగే కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటర్ మీద గ్రేటింగ్, అంటే దగ్గర దగ్గరగా సన్నటి గీతలున్న పలక, నిలబెట్టి, టెలిస్కోపు పక్కకు తిప్పుకుంటూ పోతే మొదటి క్రమంలో, అంటే విడిపోయిన వెలుగు మొదటిసారి కనబడే చోట, ఒక పసుపు గీత కనిపిస్తుంది. ఇంకా తిప్పి రెండో క్రమం దాకా వెళ్లి, ఫోకసు సరిచేసి, దీపం వెలుగు లోపలికి వచ్చే సందును సన్నం చేస్తే అదే గీత రెండుగా విడిపోతుంది. ఒకదాని తరంగదైర్ఘ్యం 589.0 నానోమీటర్లు, రెండోదానిది 589.6. కాలేజీల్లో వాడే మామూలు గ్రేటింగుతో ఆ రెండింటి మధ్య ఎడం మూడు నాలుగు నిమిషాలు, అంటే డిగ్రీలో అరవయ్యో భాగాలు మూడో నాలుగో. మన స్పెక్ట్రోమీటర్ వెర్నియర్ ఒక్క నిమిషం దాకా కొలుస్తుంది కాబట్టి అది అందుతుంది. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే సహజ గుణం ఉండబట్టే ఆ గీత అలా రెండుగా విడిపోయింది. కిందటి శతాబ్దంలో భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేసిన విషయాన్ని, మీ పలాస నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల తన కంటితో చూడగలదు. దీపం వెలగాలి, గ్రేటింగు గాట్లు పడి పాడవకుండా ఉండాలి, పక్కన ఓపిక ఉన్న మాస్టారు ఉండాలి. ఇంతకు మించి అక్కర్లేదు.

ఈ రెండు ప్రశ్నలకు పిల్లలు కళ్లు మెరిసేలా జవాబు చెప్పిన కాలేజీలో కళ్లు మూసుకుని చేర్చు. అది ప్రభుత్వ కాలేజీ అయినా సరే, పెచ్చులూడిన గోడలైనా సరే. నా అనుభవంలో పాత ప్రభుత్వ కాలేజీల్లోనే సామాను ఎక్కువ ఉంటుంది. మా ఊళ్లో 1879 నాటి మహారాజా కళాశాల ఉంది. శ్రీకాకుళంలో పాత ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. శ్రీకాకుళం పక్కన ఎచ్చెర్లలో 2008లో వచ్చిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, డిగ్రీ అయ్యాక పీజీకి పనికొస్తుంది. పేరు విని తృప్తిపడవద్దు, అక్కడా అవే ప్రశ్నలు అడిగించు.

కెమిస్ట్రీనా ఫిజిక్సా అన్నది నువ్వు అడిగిన రెండో ప్రశ్న. అమ్మాయికి లెక్కలు ఎలా ఉన్నాయో దాన్నిబట్టి ఉంటుంది. కాగితం, పెన్సిలు ఇచ్చి గంటసేపు ఒక్క లెక్కతో కుస్తీ పట్టమంటే సంతోషంగా కూర్చునే పిల్ల అయితే ఫిజిక్స్. చూసి, వాసన పట్టి, కలిపి, వేరుచేసి తెలుసుకోవడం ఇష్టమైతే కెమిస్ట్రీ.

ఇంట్లో డబ్బు సంగతి కూడా దాచుకోకుండా ఆలోచించాలి. మూడేళ్లకే జీతం కావాలంటే మన ప్రాంతంలో కెమిస్ట్రీకి ఎదురు లేదు. పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, అటు విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ ఉంది. క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, ప్రొడక్షన్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లను తీసుకుంటారు. అక్కడికి వెళ్లిన మా పాత విద్యార్థులు చెప్పేదేమిటంటే, ఇంటర్వ్యూలో అడిగేవి చాలా చిన్న ప్రశ్నలు: మొలారిటీకీ నార్మాలిటీకీ తేడా, గాఢమైన ఆమ్లాన్ని పలచన చేసేదెలా, బఫర్ అంటే ఏమిటి. చేసినవాళ్లు చెప్పేస్తారు, రికార్డులు ఎక్కించుకున్నవాళ్లు తడబడతారు. షిఫ్టులుంటాయి, రాత్రి డ్యూటీలుంటాయి, అది కూడా చెల్లెమ్మకు ముందే చెప్పు.

ఫిజిక్స్ అయితే ఐదేళ్ల చదువు అనుకునే దిగాలి. ఎమ్మెస్సీ లేనిదే దానికి నిండుదనం రాదు. అయినా డిగ్రీతోనే తలుపులు లేకపోలేదు. విమానాశ్రయాల్లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగాలకు ఫిజిక్స్, లెక్కలు చదివిన బీఎస్సీ వాళ్లు అర్హులు. మన భోగాపురంలో విమానాశ్రయం కడుతున్నారు కదా, అమ్మాయికి ఆ మాట చెప్పు. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్లుగా కూడా ఫిజిక్స్ చదివినవాళ్లను తీసుకుంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస నెత్తిన ఎలా పడిందో, కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నువ్వు చూశావు. తుపాను తీరానికి దగ్గర పడుతుంటే దాన్ని డాప్లర్ రాడార్‌తో కనిపెట్టి చూసేది ఆ శాఖే. మీ ప్రాంతపు పిల్లకు అంతకన్నా దగ్గరి ఫిజిక్స్ ఇంకేముంది?

దగ్గరి కెమిస్ట్రీ కావాలన్నా మీ ఊళ్లోనే ఉంది. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు ఎందుకు పొక్కుతాయో అమ్మాయికి తెలుసా? పిక్క పెంకులోని రసంలో అనకార్డిక్ ఆమ్లం ఉంటుంది. తలనొప్పి బిళ్లకు మూలమైన శాలిసిలిక్ ఆమ్లానికే పదిహేను కార్బన్ల పొడవు తోక తగిలిస్తే అది. వేడిచేస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ అవుతుంది, బ్రేకు లైనింగులకు, రంగులకు దాన్ని వాడతారు. ఈ పిల్లల్లో ఎవరో ఒకరు ఆ చేతులు పొక్కకుండా ఉండే దారి కనిపెట్టాలని నా ఆశ.

ఇలాంటి పని మన వైపు కొత్తేమీ కాదు. 1933లో టి.ఆర్. శేషాద్రి గారు విశాఖ వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. పత్తి పువ్వుల్లోని రంగు పదార్థాల మీద అక్కడే పరిశోధన చేశారు. వర్ణపటశాస్త్రంలో కొచ్చర్లకోట రంగధామరావు గారు పెంచిన శిష్యులెందరో. పువ్వు, దీపం, ఓపిక ఉన్న చోట సైన్సు నడిచింది.

పై చదువుల సంగతి కూడా రాసేస్తాను. డిగ్రీ చివరి ఏడాది జామ్ అని ఒక పరీక్ష ఉంటుంది. అరవై ప్రశ్నలు, మూడు గంటలు, వంద మార్కులు. ర్యాంకు వస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవవచ్చు. బీటెక్ కోసం ఇంటర్‌లో పిల్లలు ప్రాణాలు తోడేసుకునే ఆ ఐఐటీయే. మౌలిక శాస్త్రాల కోసం పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ పరీక్ష ఈ ఏడాది రాయించలేదన్నావు, మీకు పక్కనే ఉన్న బరంపురంలో కూడా ఒక ఐసర్ ఉంది. జామ్ ర్యాంకుతో అలాంటి చోట్ల ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపిన కోర్సులకు కూడా వెళ్లవచ్చు. రెండో ఏడు నుంచే వారానికి ఒక పూట దానికి కేటాయిస్తే చాలు, కోచింగు కోసం లక్షలు పోయనక్కర్లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట, దీన్ని గీత గీసి పెట్టుకో. ఇంటర్ బోర్డులో పైన ఒక శాతంలో మార్కులు వచ్చి, బీఎస్సీలో మౌలిక శాస్త్రాలు చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి వస్తాయి, మిగతా 20,000 వేసవిలో ఎవరైనా శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్‌లో చేరితే ఇది రాదు. అమ్మాయి మార్కులు చూస్తే అవకాశం ఉందనిపిస్తోంది. మార్కుల జాబితా నాకు పంపు, కటాఫ్ నేను కనుక్కుంటాను.

ఇప్పుడు డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. అమ్మాయి తెలుగు మీడియంలో చదివింది కాబట్టి మొదట్లో బెదురుతుంది. తెలుగు అకాడమీ పాత డిగ్రీ పుస్తకాలు నా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి, ఒకటి అమ్మాయికి ఇస్తాను. పాఠం ముందు తెలుగులో చదువుకుని తరవాత ఇంగ్లీషులో చదివితే ఒక సెమిస్టర్‌కే దారిలో పడుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. నెట్ సెంటర్‌లో కుర్రాడికి వదిలేయవద్దు, ఆప్షన్ల వరస అమ్మాయే తన చేత్తో పెట్టాలి. అంతకన్నా ముందు వచ్చే వారం సెలవు చూసుకుని తల్లినీ పిల్లనీ తీసుకుని రా. ఆదివారం వద్దు, ల్యాబులు మూసి ఉంటాయి. మంగళవారమో బుధవారమో అయితే ఇక్కడ రెండు కాలేజీలు చూసి, సాయంత్రం శ్రీకాకుళంలో ఇంకొకటి చూసుకుని మీరు ఇంటికి వెళ్లిపోవచ్చు. భోజనం మా ఇంట్లోనే, మీ వదిన ఇప్పటికే చెప్పేసింది. బయలుదేరే ముందు ఏ రైలో ఒక్క ఫోను చెయ్యి, స్టేషనుకు వస్తాను.

నీ
సత్యం